లంగరు గొలుసుకు మెలిక పడితే

తెరచాప పడవల మీద దూరప్రయాణాలు చేసేవారిని తరచూ సతాయించే సమస్యల్లో లంగరు గొలుసుకు మెలికలు పడటం ఒకటి. లంగరు దించేటప్పుడు ఇది కంటపడదు. నీటి అడుగునో, గొలుసు పెట్టెలోనో ఎప్పుడో మొదలై, లంగరు ఎత్తే వేళకు బయటపడుతుంది. అప్పటికి గాలి లేచి ఉంటుంది, లేదా పడవ ఒడ్డు వైపు కొట్టుకుపోతూ ఉంటుంది. లంగరు ఎత్తే విండ్లాస్ యంత్రపు చక్రం గాడుల్లో కుదురుకోవలసిన గొలుసు పక్కకు దూకుతుంది. మోటారు మూలిగి ఆగిపోతుంది.

గోదావరి డెల్టాలో విహారానికి తిరిగే తెరచాప పడవలు అరుదు. లంగరుతో ఈ ప్రాంతానికి ఉన్న సంబంధం మాత్రం చాలా పాతది. పదిహేడో శతాబ్దంలోనే నరసాపురంలో లంగర్లు సాగగొట్టారు. కాకినాడ బయట ఓడలు నేటికీ లంగరు మీద నిలిచి సరుకు ఎక్కించుకుంటాయి. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును గోదావరి అడుగు నుంచి పైకి తెచ్చిన పనిముట్లలో ముఖ్యమైనవి లంగర్లు, ఉక్కు తాళ్లే. గొలుసు మెలిక గురించి చెప్పుకోవడానికి తెలుగునాట ఇంతకంటే తగిన చోటు దొరకదు.

మెలిక ఎక్కడ పుడుతుంది

కాకినాడ అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు సుమారు రెండు శతాబ్దాలుగా పేరుకుని, దాదాపు 16 కిలోమీటర్ల పొడవున ఏర్పడిన దిబ్బ అది. బంగాళాఖాతం అలల్ని అది అడ్డుకోవడం వల్ల లోపలి నీరు చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. అడుగున మెత్తటి బురద. ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. పగలు సముద్రం మీది నుంచి, రాత్రి నేల మీది నుంచి గాలి వీస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, ఆ తర్వాత ఈశాన్యం. లంగరు వేసిన పడవ ఈ మార్పులన్నిటికీ ముక్కు తిప్పుతూనే ఉంటుంది. కింద లంగరు బురదలో దిగబడి ఉంటుంది. తిరిగే పడవకూ తిరగని లంగరుకూ మధ్య ఉన్నది గొలుసే కాబట్టి ఆ తేడా అంతా దానికే చుట్టుకుంటుంది.

గాలి, నీరు ఒకే వైపు బలంగా లాగుతుంటే గొలుసు బిగిసి ఉంటుంది, మెలిక పెద్దగా పడదు. చిక్కంతా పోటు ఆగి పాటు మొదలయ్యే ఆ కాస్త వ్యవధిలో వస్తుంది. లాగుడు ఉండదు. గొలుసు సడలి పడవ ముక్కు కింద నిటారుగా వేలాడుతుంది. ఆ సమయంలో ఏ చిరుగాలి తగిలినా పడవ తన చుట్టూ తాను తిరుగుతుంది, ఆ తిరుగుడు నేరుగా గొలుసులోకి దిగుతుంది. పడవ లంగరు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేస్తే గొలుసులో అన్ని మెలికలు పడతాయని చాలామంది లెక్క వేస్తారు. ఆ లెక్క నిలవదు. నేల మీద పరుచుకున్న గొలుసు పక్కకు ఈడ్చుకుపోతుంది, లంగరు కూడా కొంత తిరిగి సర్దుకుంటుంది. అసలు మెలికలు చేరేది నిటారుగా వేలాడే భాగంలోనే. మరుసటి పోటుకు పడవ ఎదురు తిరిగితే వాటిలో కొన్ని వాటంతట అవే విడిపోతాయి. గాలి ఒకే దిక్కుకు తిప్పుతూ పోతేనే అవి నిలిచిపోతాయి.

రెండో కారణం లంగరు ఆకారం. పైకి ఎత్తుతున్నప్పుడు పడవ ముందుకు కదులుతుంటే, నీటి ఒరవడికి లంగరు రెక్కలు గిర్రున తిరుగుతాయి. అలా తిరుగుతూ వచ్చిన లంగరును అలాగే ముక్కు మీదికి లాగేస్తే, అది తిరిగినన్ని చుట్లు గొలుసులోనే ఉండి పెట్టెలోకి చేరతాయి. ఇక గొలుసు కొన్నప్పుడే తేడాగా పేర్చి పెట్టెలో వేయడం మూడో కారణం. కొత్త పడవల్లో కనిపించే మెలికల్లో కొన్నిటికి ఇదే మూలం.

మెలిక అంత తేలికగా ఎందుకు దాక్కుంటుందో కొలతలు చూస్తే తెలుస్తుంది. 12 మీటర్ల తెరచాప పడవకు సాధారణంగా 10 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ గొలుసు వాడతారు. మీటరుకు సుమారు 2.3 కిలోల చొప్పున 60 మీటర్లు 140 కిలోల దాకా తూగుతుంది. అందులో దాదాపు 2,000 కడియాలు ఉంటాయి. ఒక్కో కడియం పక్కదానికంటే మూడు డిగ్రీలు ఒరిగినా కంటికి ఆనదు. అన్నీ ఒకే వైపు ఒరిగితే మొత్తం పదహారు పూర్తి చుట్లు. అంటే గొలుసు చూడటానికి తిన్నగానే ఉండి, లోపల పదహారు మెలికలు మోస్తూ ఉండవచ్చు.

నరసాపురం లంగర్లు, బ్రిటిష్ గొలుసులు

1670లలో బంగాళాఖాతం తీరమంతా తిరిగిన ఇంగ్లిష్ నావికుడు థామస్ బౌరీ తన వృత్తాంతంలో నరసాపురానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఈ రేవులో ఇంగ్లిష్ వర్తకులు ఏటా ఓడలు కట్టించుకునేవారు. మంచి టేకు నది మీద తేలి వచ్చేది, ఇనుము దగ్గరలోనే దొరికేది. మేకులు, బోల్టులతో పాటు లంగర్లు కూడా స్థానిక కమ్మరులు నేర్పుగా చేస్తారని ఆయన రాశాడు. పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. ఓడ లంగరును కొలిమిలో కాల్చి అతకడం మామూలు కమ్మరం కాదు. కాడకూ కొమ్ములకూ మధ్య అతుకు ఒక్కచోట సరిగా కుదరకపోయినా, తుపాను రాత్రి లంగరు విరిగి ఓడ పోతుంది. నరసాపురానికి లేసు అల్లికతో వచ్చినంత పేరు ఈ లంగర్లతో రాలేదు. రావలసింది.

ఆ లంగర్లకు అప్పట్లో గొలుసులు లేవు, మోకులే. పేనిన మోకుకు పురి సహజం, ఇంకాస్త తిరిగితే పురి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రాళ్ల మీద రాసుకుంటే తెగిపోవడమే మోకుకు పెద్ద గండం. 1789 డిసెంబరు తుపానులో కోరంగి దగ్గర లంగరు మీద ఉన్న ఓడలను ఉప్పెన నేల మీదికి మోసుకొచ్చి పడేసింది. అలాంటి ఉప్పెన ముందు ఏ మోకూ నిలవదు.

ఇనుప గొలుసును ఓడల మీద స్థిరపరిచినవాడు బ్రిటిష్ నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్. 1808లో ఆయన తీసుకున్న పేటెంట్లలో గొలుసు కడియాలతో పాటు, ముక్కల్ని కలిపే షాకిళ్లు, గొలుసు తన చుట్టూ తాను తిరిగేందుకు వీలిచ్చే స్వివెళ్లు కూడా ఉన్నాయి. ఈ వివరం గమనించదగ్గది. ఓడ మీదికి గొలుసు వచ్చిన తొలినాళ్లలోనే మెలిక సమస్యను గుర్తించారు, విరుగుడు కూడా తయారుచేశారు. బ్రౌన్ షాకిళ్లకూ స్వివెళ్లకూ ఆ తర్వాత నూరేళ్లపాటు చెప్పుకోదగ్గ మార్పు అవసరం కాలేదు. 1813లో థామస్ బ్రంటన్ కడియం మధ్య అడ్డుకడ్డీ ఉన్న గొలుసుకు పేటెంటు పొందాడు. అడ్డుకడ్డీ ఉంటే కడియం నలగదు, ఒకదానిలోకి ఒకటి దూరి చిక్కుపడటమూ తగ్గుతుంది. పెద్ద ఓడలకు నేటికీ ఆ రకం గొలుసే. చిన్న పడవల విండ్లాస్ చక్రానికి అది కుదరదు కాబట్టి వాటికి అడ్డుకడ్డీ లేని పొట్టి కడియాల గొలుసు వాడతారు.

చక్రం మీద జరిగేది

విండ్లాస్ చక్రానికి చుట్టూ గాడులు ఉంటాయి. ఒక కడియం అందులో పడుకుంటుంది, తర్వాతది నిలబడి మధ్య చీలికలోకి దిగుతుంది, మళ్లీ ఒకటి పడుకుంటుంది. ఈ వరస తప్పనంత వరకు 140 కిలోల గొలుసు బొటనవేలితో మీట నొక్కితే పైకి వచ్చేస్తుంది. మెలిక తిరిగిన గొలుసులో పడుకోవలసిన కడియం వాలుగా వస్తుంది. గాడి అంచున ఎక్కి కూర్చుంటుంది, దాని వెనకది కూడా అలాగే. రెండు మూడు కడియాలు ఇలా ఎక్కాక గొలుసు టక్కున ఒక గాడి వెనక్కి జారుతుంది. బరువు ఎక్కువైతే ఒక్క గాడితో ఆగదు. నీళ్లలో వేలాడుతున్న గొలుసంతా చక్రం మీది నుంచి దడదడమంటూ బయటికి పోతుంది. ఆ క్షణంలో చేయి పెట్టి ఆపబోయినవారు వేళ్లు పోగొట్టుకున్నారు. విండ్లాస్ దగ్గర మొదటి నియమం అందుకే ఏర్పడింది: గొలుసు బరువును ముందు తాడుకు గానీ, కొక్కేనికి గానీ, గొలుసు ఆపుడు దిమ్మకు గానీ అప్పగించాలి, ఆ తర్వాతే మెలిక మీద చేయి వేయాలి.

మెలికకు ఇంకో నష్టం ఉంది, అది మెల్లగా జరుగుతుంది. తిన్నగా ఉన్న కడియాలు వంపు మధ్యలో ఒకదానికొకటి ఆనుకుంటాయి. మెలిక పడ్డప్పుడు అంచుల మీద ఆనుకుంటాయి. బలం పడవలసిన చోట పడదు. క్రేన్లతో బరువులెత్తే చోట మెలికపడిన గొలుసుతో ఏదీ ఎత్తకూడదన్న నిబంధన ఇందుకే ఉంది. పైగా జింకు పూత ఒకే పక్క అరిగి తుప్పు మొదలవుతుంది.

దీనికి తోడు మెలిక కాని మరో చిక్కు ఉంది, కొత్తవారు రెంటినీ కలిపేస్తారు. పెట్టెలోకి దిగే గొలుసు ఒకే చోట పడి గోపురంలా లేస్తుంది. పడవ ఊగినప్పుడు ఆ గోపురం కూలి, పై గొలుసు అడుగుకు పోతుంది. మళ్లీ లంగరు వేయబోతే అది బయటికి రాదు. నెలల తరబడి నడిసముద్రంలో ఉండే పడవలకు ఇది మామూలే. అక్కడ లోతు వేల మీటర్లు, లంగరుకు పనే ఉండదు, గొలుసు పెట్టెలో కుదుపులు తింటూ ఉంటుంది. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ఐఎన్‌ఎస్‌వి తారిణి మీద భూమి చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. 17 మీటర్ల ఆ తెరచాప పడవ గోవాలో బయలుదేరి ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్‌లలో ఆగుతూ తిరిగి గోవా చేరింది. ఇలాంటి ప్రయాణంలో రేవు సమీపించేటప్పుడు గొలుసు పెట్టె తెరిచి, గొలుసు సాఫీగా కదులుతోందో లేదో చూసుకోవడం చిన్న పని. చూడకపోతే లంగరు దిగవలసిన క్షణంలో దిగదు.

విప్పడం

పిల్లలు ఉయ్యాల తాళ్లను మెలితిప్పి వదిలితే ఉయ్యాల తనంతట తానే తిరిగి తాళ్లు విడిపోతాయి. లంగరు గొలుసుకూ అదే సూత్రం. ఒక కొసను వదిలేస్తే బరువే మెలిక విప్పుతుంది. నీళ్లలో విప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం మీద నడిచేవే.

అన్నిటికంటే సులువైనది ఆగడం. లంగరు నేల విడిచాక రెండు మూడు మీటర్లు పైకి లేపి, ముక్కు కింద వేలాడేలా కొద్ది నిమిషాలు వదిలేయాలి. పడవ కదలకూడదు. లంగరు మొదట మెల్లగా, తర్వాత వడిగా, మళ్లీ మెల్లగా తిరిగి ఆగుతుంది. నీళ్లు తేటగా ఉంటే కనిపిస్తుంది. గోదావరి ఎర్రనీరు కలిసిన కాకినాడ అఖాతంలో కనిపించదు, గొలుసు మీద అరచేయి ఆనించి ఆ కదలికను పట్టుకోవాలి. తొందరలో ఉన్నవారు ఈ కొద్ది నిమిషాలు ఆగరు. మెలికలన్నీ పెట్టెలోకి చేరేది అప్పుడే.

పాత మెలికలు పేరుకుపోయి ఉంటే ఇది చాలదు. గొలుసు పొడవుకు మించిన లోతు ఉన్న చోట, లంగరు తీసేసి, గొలుసంతా నీళ్లలోకి వదలాలి. లోపలి కొస పడవకు కట్టి ఉందో లేదో ముందే చూడాలి, లేకపోతే గొలుసంతా సముద్రం పాలు. ఆ కట్టు ఇనుముతో ఉండకూడదు, తాడుతో ఉండాలి. తుపానులో గొలుసు వదిలేసి పారిపోవలసి వస్తే కత్తితో కోయడానికి వీలుండాలి. డెల్టా ముందు ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది: ఒండ్రు పరుచుకున్న లోతులేని సముద్రం చాలా దూరం పోతుంది. అంతకంటే రేవు గట్టు మీద గొలుసును పొడవునా పరిచి, ఒక కొస నుంచి నడుచుకుంటూ పడుకున్న కడియాలన్నీ ఒకే వరసలోకి తెచ్చుకోవడం నయం. పని చాకిరే. కానీ అరిగిన కడియాలు, వదులైన షాకిల్ పిన్నులు, పూత పోయిన చోట్లు అప్పుడే బయటపడతాయి. గొలుసును కొసలు మార్చి బిగించడానికీ అదే అదను. ఎప్పుడూ పెట్టెలోనే ఉండి కొత్తగా మిగిలిన సగం అప్పుడు లంగరు వైపుకు వస్తుంది.

స్వివెల్ బిగిస్తే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. నావికుల్లో దీని మీద రెండు పక్షాలు ఉన్నాయి, రెండిటికీ ఆధారం ఉంది. స్వివెల్ ఉంటే లంగరు ముక్కు మీదికి సరైన వైపు తిరిగి వస్తుంది, మెలికలు తగ్గుతాయి. కానీ గొలుసు బిగిసి బరువు పడ్డప్పుడు చాలా స్వివెళ్లు తిరగవు. లంగరు కాడకు నేరుగా బిగించిన స్వివెల్ మీద పక్కవాటు లాగుడు పడితే దాని దవడలు విచ్చుకుంటాయి. గొలుసంతటిలో బలహీనమైన చోటు అదే అవుతుంది. లంగరుకూ స్వివెల్‌కూ మధ్య నాలుగైదు కడియాలు వదిలితే పక్కవాటు ఒత్తిడి దాని మీద పడదు. లంగరు వేలాడి మెలిక విప్పుకునేందుకు ఓపికగా ఆగేవారికి స్వివెల్ లేకుండానే సాగిపోతుందన్నది ఈ వ్యాసం మొగ్గు చూపే పక్షం. ఒక జాయింటు తక్కువైతే రాత్రి నిద్రలో ఒక భయం తక్కువ.

రెండు లంగర్ల మీద నిలిచిన ఓడది ఇంకా పెద్ద ఇబ్బంది. అక్కడ మెలికపడేది ఒక గొలుసు కాదు, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న రెండు గొలుసులు. ఓడ సగం తిరిగితే గొలుసులు అడ్డంగా దాటుకుంటాయి, పూర్తిగా తిరిగితే చుట్టుకుంటాయి. ఆపైన ఏ లంగరునూ ఎత్తలేరు. పూర్వం కళాసీలు పోటు ఆగిన వేళ చూసి, ఒక గొలుసును 27.5 మీటర్లకు ఒకటి ఉండే షాకిల్ దగ్గర విడదీసి, కొసను రెండో గొలుసు చుట్టూ తిప్పి తెచ్చేవారు. ఇప్పుడు టగ్గుతో ఓడనే వెనక్కి తిప్పడం తేలిక. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడలు తీరానికి దూరంగా నిలుస్తాయి, వాణిజ్య కాలువ నుంచి బార్జీలు బియ్యం తదితర సరుకులు మోసుకెళ్తాయి. ఓడ పక్కన బార్జీ కట్టి సరుకు ఎక్కిస్తున్నంత సేపూ సరంగు నీటి వాలు మీద కన్ను వేసి ఉంచాలి. ఓడ తిరిగితే బార్జీ కూడా దానితో తిరుగుతుంది.

కచ్చులూరు

2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోల్తాపడింది. అందులో డెబ్బై మందికి పైగా ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు మూడో వంతుకు కాస్త ఎక్కువ మంది మాత్రమే. నది అక్కడ కొండల మధ్య ఇరుకుగా, చాలా లోతుగా, సుడులు తిరుగుతూ పోతుంది. బోటును వెలికితీసే పనిని ప్రభుత్వం కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అప్పగించింది.

వారు చేసినది లంగరు పనే, తలకిందులుగా. పడవను నేలకు పట్టి ఉంచే లంగరుతో నేల మీద ఉన్న పడవను పట్టుకోవాలి. పంటు మీద నుంచి లంగర్లు దించి అడుగును గాలించారు. బోటు ఉన్న చోటు చుట్టూ ఉక్కు తాడును ఉచ్చులా పరిచి ఒడ్డు నుంచి ప్రొక్లెయినర్‌తో లాగారు. తొలి విడతలో తాడు తెగింది. వరద పెరిగి పని ఆగింది. అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలుపెట్టాక లంగరుకు బోటు రెయిలింగు ముక్క చిక్కి పైకి వచ్చింది. బోటు ఎక్కడుందో అప్పుడు రూఢి అయింది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఈతగాళ్లు అడుగుకు దిగి తాడు బిగించాక, అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరింది. తమవారి జాడ కోసం ఐదు వారాలకు పైగా ఎదురుచూసిన కుటుంబాలకు ఆ శిథిలంలో దొరికిన దేహాలే కడసారి చూపు.

గొలుసుకూ ఉక్కు తాడుకూ ఉన్న తేడా ఇలాంటి పనిలో ప్రాణాంతకం. సడలిన ఉక్కు తాడు మెలిక పడి చిన్న ఉచ్చులా తిరుగుతుంది. దాన్ని చూడకుండా లాగితే ఉచ్చు బిగిసి తీగలు విరుగుతాయి. తర్వాత తిన్నగా సాగదీసినా పోయిన బలం తిరిగి రాదు. గొలుసు మెలికను విప్పితే గొలుసు మళ్లీ గొలుసే. నదిలో రాళ్ల మధ్య కంటికి కనపడని తాడును లాగుతున్నప్పుడు ఒడ్డున నిలబడ్డవారికి తెలిసేది యంత్రం మీద పడే భారం ఒక్కటే. తాడు తెగినప్పుడు దాని కొస కొరడాలా తిరిగి వచ్చి కొడుతుంది కాబట్టి, లాగుతున్న తాడుకు ఎదురుగా గానీ, వంపు లోపల గానీ ఎవరినీ నిలబడనివ్వకూడదు.

గొలుసునూ తాడునూ కలిపి వాడేవి డెల్టాలోని చేపల బోట్లు. వాటికి పూర్తి గొలుసు ఉండదు. లంగరు దగ్గర కొన్ని మీటర్ల గొలుసు, ఆపైన నైలాను మోకు. గొలుసు బరువు లంగరును పడుకోబెడుతుంది, నేల మీది రాపిడిని తట్టుకుంటుంది. మోకు సాగి కుదుపును మింగుతుంది. ఇక్కడ మెలిక గొలుసులో నిలవదు, మోకు పురిలోకి ఎక్కుతుంది. ఒక్కచోట పురి విడి పాయలు ఉబ్బి బయటికి పొడుచుకొస్తే ఆ ముక్క కోసేసి అతకడమే మార్గం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. బోట్లు రేవులో ఉండే ఆ రోజుల్లోనే మోకులు, గొలుసులు గట్టు మీద పరిచి చూసుకునే వీలు దొరుకుతుంది. గొలుసుకూ మోకుకూ మధ్య ఉన్న అతుకును ముందుగా చూడాలి. సాధారణంగా తెగేది అక్కడే.